పుంగనూరు దారిలో నేను విన్న ఇల్లు

మదనపల్లె ట్రంకు బోర్డు ముందు నన్ను మొదటిసారి కూర్చోబెట్టిన రోజున మా సూపర్‌వైజరమ్మ నా ముఖం రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చెవులు చూసింది. ఆమె మిషన్ ఆస్పత్రి వీధిలో పుట్టి పెరిగిన క్రైస్తవురాలు. ఎప్పుడూ తెల్ల చీర, నల్ల బెల్టు వాచీ, ఎవరికీ తగ్గని గొంతు.

"సెవులు బాగుండాయి. నోరెట్లుండాదో సూడాల," అంది.

ఈ కాలం పిల్లలకు ట్రంకు కాల్ అంటే కొంచెం చెప్పాలి. అప్పట్లో ఊరు దాటి మాట్లాడాలంటే మా దగ్గర బుక్ చేసుకుని కాచుకోవాలి. మేము తాడులాంటి తీగ ఒక కొసను ఈ ఊరి రంధ్రంలో, ఇంకో కొసను ఆ ఊరి రంధ్రంలో గుచ్చి ఇద్దరినీ కలిపేవాళ్లం. కలిశారో లేదో తెలియాలంటే వినక తప్పదు. ఇద్దరూ హలో అనగానే మా చెవిని తప్పించే మీట ఎత్తేయాలి. ఎత్తకుండా వింటూ కూర్చోవడం మా ఉద్యోగంలో పెద్ద తప్పు. మేమందరం ఏదో ఒక రోజు చేసిన తప్పు కూడా అదే.

ఎంత బాగుండేవి ఆ రోజులు! ఎండాకాలంలో టమోటా మండీ నుంచి మద్రాసుకు అరుపులు. ఆస్పత్రి నుంచి బెంగళూరుకు "ఆడబిడ్డ, తల్లీ బిడ్డా బాగుండారు" అని ఎవరో తండ్రి ఏడుస్తూ చెబుతుంటే, బోర్డు మీదున్న నలుగురం ముక్కులు చీదుకున్నాం. ఒకసారి గుర్రంకొండలో ఒక పెళ్లి సంబంధం తప్పిపోయిన సంగతి విని, టీ తాగుతూ పక్కమ్మాయితో అన్నాను. సూపర్‌వైజరమ్మ నా వెనకే ఉంది. వారం రోజులు నన్ను బోర్డు మీద నుంచి లేపేసి, డైరెక్టరీలు తుడిచే పని ఇచ్చింది. ఆమె నన్ను తిట్టి ఉంటే మరిచిపోయేదాన్నేమో. తిట్టలేదు.

తర్వాత ఎవరి ఇంటి నుంచి వాళ్లే నేరుగా నెంబరు తిప్పుకునే రోజులొచ్చాయి. మా బోర్డు మీద దుప్పటి కప్పారు. ఆపరేటర్లను తలా ఒక ఊరికి పంపారు. నన్ను మదనపల్లె నుంచి పుంగనూరు పోయే దారిలో ఒక చిన్న ఎక్స్‌చేంజి కౌంటరుకు వేశారు. ఆ ఊరి పేరు రాయను. రాస్తే ఇల్లు తెలిసిపోతుంది. అది చిన్న ఊరు.

ముందు ఒక కౌంటరు, లోపల యంత్రాల గది, దాని వెనక బ్యాటరీల గది. మనుషులం ముగ్గురం. ఇన్‌ఛార్జి సారు మెత్తటి మనిషి, రిటైర్మెంటుకు దగ్గరలో ఉన్నాడు. లైన్‌మన్‌ను అందరూ అప్పా అనే పిలిచేవాళ్లు. ఆ చుట్టుపక్కల ఏ స్తంభం ఏ వానకు ఒరిగిందో కూడా ఆయనకు గుర్తే. మధ్యాహ్నం ఆయన సంగటి ముద్ద, సారు పెరుగన్నం, నా చపాతీలు బ్యాటరీల గదిలో మధ్యలో పెట్టుకుని తినేవాళ్లం. ఆ గదిలో ఎప్పుడూ ఒక పుల్లటి వాసన. ఇప్పటికీ ఎక్కడైనా ఇన్వర్టరు బ్యాటరీ వాసన తగిలితే నాకు ఆకలవుతుంది.

ఆ గదిలోనే నేను నా ఉద్యోగ జీవితంలో చేయకూడని పని చేశాను.

సెల్‌ఫోన్లు ఇంకా పెద్దవాళ్ల జేబుల్లోనే ఉన్న కాలం. కుప్పం వైపు ఒక రాతి క్వారీలో కూలీలు సమ్మె చేశారు. సమ్మెలో జనరేటరు షెడ్డు ఒకటి కాలిపోయింది. కూలీల సంఘం నాయకుడి మీద కేసు పెట్టారు. అతను లారీ మెకానిక్కు, మా ఎక్స్‌చేంజి ఊరివాడే. కేసు పెట్టిన రోజు నుంచి కనబడలేదు. ఇంట్లో అతని తల్లి ఒక్కతే ఉంది. ఆమె ఇంట్లో ఒక ఫోను ఉంది.

ఒక ఉదయం జిల్లా నుంచి వచ్చిన ఒక ఇన్‌స్పెక్టరు మామూలు చొక్కాలో మా కౌంటరు ముందు నిలబడ్డాడు. సారుతో లోపల అరగంట మాట్లాడి, నన్ను పిలిపించాడు. కుర్చీ చూపించాడు.

"మీది మదనపల్లెనా అమ్మా?"

"అవును సార్."

"ఇంట్లో ఉర్దూనే కదా మాట్లాడేది?"

"అవును సార్."

"ఆ ముసలామె మాట్లాడేదంతా మీ ఉర్దూలోనే. మా వాళ్లలో ఆ మాట వచ్చినోడు ఒకడుండాడు గానీ, వాడు ఆమెకు వరస అవుతాడు. వాన్ని నమ్మలేను. నువ్వు సర్కారు ఉద్యోగం చేస్తాండావు, చదువుకున్నదానివి. దేశం పనమ్మా ఇది."

మా నాయన దర్జీ. ముప్పై ఏళ్లు పోలీసుల ఖాకీ బట్టలు కుట్టాడు. కొలతలు తీసుకునేటప్పుడు ఎప్పుడూ మోకాళ్ల మీదే ఉండేవాడు. ఒక్క పోలీసాయన కూడా ఆయన్ను కూర్చోమన్నది నేను చూడలేదు. ఇప్పుడు ఒక ఇన్‌స్పెక్టరు ఆయన కూతురికి కుర్చీ వేసి, నమ్ముతున్నానంటున్నాడు. నాకు ఎంత గర్వం కలిగిందో దాచుకుని ఏం లాభం?

సారు మాత్రం మెల్లగా అడిగాడు. "ఆర్డరు కాగితం..."

"వెనకాల వస్తాది," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఒకరి ఫోను వినాలంటే పై నుంచి రాతపూర్వకంగా ఆజ్ఞ ఉండాలని మా ముగ్గురికీ తెలుసు. సారు ఇంకోసారి అడగలేదు. నేను ఒక్కసారి కూడా అడగలేదు.

అప్ప ఆ ఇంటి తీగ జతకు ఇంకో జత కలిపి బ్యాటరీల గదిలోకి లాగాడు. పాత ఫోను రిసీవరు ఒకటి తగిలించాడు. చివర్న పాత గుడ్డ పేలిక నా చేతిలో పెట్టి, "మాట్లాడే కొసకు దీన్ని కట్టుకోమ్మా. లేకపోతే నీ ఊపిరి ఆ పక్కకు పోతాది," అన్నాడు.

మొదటి రోజు రెండుసార్లు లేచి తలుపు గడియ చూసుకున్నాను. మూడో రోజుకు అలవాటైంది. పది నుంచి ఐదు దాకా నా పని అదే. కౌంటరు సారు చూసుకునేవాడు. ఎన్ని గంటలకు, ఎవరు, ఏ సంగతి అని నోటుపుస్తకంలో గడులు గీసి రాసేదాన్ని. శనివారం ఒక కానిస్టేబులు వచ్చి పట్టుకుపోయేవాడు.

ఆమెను పెద్దామె అని రాస్తాను. ఆమె మాటల్ని తెలుగులోనే పెడతాను. గుర్రంకొండలో ఉన్న కూతురు రోజూ పదకొండుకు ఫోను చేసేది. ఇద్దరూ మాట్లాడుకునే సంగతులు ఏమిటనుకున్నారు? మేక రెండు పిల్లలేసింది, ఒకటి చెప్పులు నములుతోంది. మోకాలికి వావిలాకు కట్టినా నొప్పి పోలేదు. పక్కింటి కోళ్లు పిండి ఆరబోసిన చాప మీదే తిరుగుతాయి. "దానికి దునియాలో ఇంకో చాప దొరకదా?" అని పెద్దామె కోడి మీద కోప్పడుతుంటే, నేను నోరు రెండు చేతులతో మూసుకుని నవ్వేదాన్ని.

చింతచిగురు పప్పు ఎలా చేయాలో ఒకరోజు కూతురికి చెప్పింది. చిగురును ముందే వేయకూడదట. పప్పు మెత్తబడి, పొయ్యి ఆర్పబోయే ముందు నలిపి వేయాలట. ఆ సాయంత్రం ఇంటికి పోయి అలాగే చేశాను. మా ఆయన రెండుసార్లు వడ్డించుకుని, "ఎవరు నేర్పిచ్చినారు?" అన్నాడు.

"ఆఫీసులో ఒకామె," అన్నాను.

ఇన్నేళ్ల తర్వాత చెబుతున్నాను, నేను ఆమెను ఇష్టపడ్డాను. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఇంట్లో పెద్ద ఆడమనిషి పొద్దుపోక మాట్లాడే మాటలు నేనెప్పుడూ విని ఎరగను. బస్సు ఆలస్యమైతే పదకొండు దాటిపోతుందేమోనని ఆత్రపడేదాన్ని. ఆదివారం నాకు తోచేది కాదు.

ఒకరోజు కూతురు ఏడ్చింది. ఎందుకో ఇక్కడ రాయను. ఆ రోజు నోటుపుస్తకంలో రాశాను, అదే ఎక్కువ. కేసుకు దానికి ఏ సంబంధమూ లేదు. అయినా రాశాను. ఎందుకంటే ఆ గడిలో 'సంగతి' అని ఉంది.

కొడుకు మాత్రం ఫోను చేయలేదు. ఇన్‌స్పెక్టరు వారం వారం అడిగేవాడు. "ఏమ్మా, మేకల కథలేనా?" అనేవాడు. నాకు చిన్నతనంగా ఉండేది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం రెండు దాటాక ఫోను మోగింది. అవతల మాట లేదు. మామూలుగా అయితే పెద్దామె మూడుసార్లు హలో అని, తిట్టి పెట్టేసేది. ఆ రోజు పెట్టలేదు. "ఆపా, నువ్వా?" అంది. మాలో అక్కను అట్లా పిలుస్తారు. తర్వాత ఐదు నిమిషాలు ఆమె ఒక్కతే మాట్లాడింది. వాన పడలేదని, మేకపిల్లలు పెరిగాయని, అందరూ బాగున్నారని. "సరే ఆపా, వేళకు తిను," అని పెట్టేసింది. అవతల నుంచి ఒక్క మాట లేదు.

మరుసటి శుక్రవారం మళ్లీ అదే వేళకు, అదే ఆపా.

మూగదో, గొంతు పోయినదో అక్క ఉందేమో అనుకున్నాను. బస్సులో ఇంటికి పోతుంటే తటాలున తట్టింది. నెల కిందట కూతురితో మోకాలి నొప్పి గురించి చెబుతూ పెద్దామె ఏమంది? "ఆరుగురిలో పెద్దదాన్ని, చిన్నప్పటి నుంచి ఒక్కొక్కరిని సంకనేసుకుని మోసినా, మోకాళ్లు పోక ఏమవుతాయి?" అంది కదా. ఆమెకు అక్క లేదు.

ఇన్ని వారాలు మేకల కథలు రాసిన నాకు చివరికి ఒక సంగతి దొరికింది. పుస్తకం ఇన్‌స్పెక్టరు చేతికి చేరే దాకా ఆగలేకపోయాను. శనివారమే కానిస్టేబులు చేతికి నోటుపుస్తకం ఇవ్వకుండా, ఇన్‌స్పెక్టరుకే ఫోను చేసి చెప్పాను. "సార్, ఆపా అనేది అక్క కాదు సార్. కొడుకు." నా గొంతులో ఉత్సాహం నాకే ఇంకా వినిపిస్తుంది.

"శభాష్ అమ్మా," అన్నాడు.

మూడో శుక్రవారం టేపు రికార్డరు తెచ్చి తగిలించారు. ఫోను ఎక్కడి నుంచి వస్తోందో యంత్రం చూపించింది. కుప్పం రైల్వే స్టేషన్ దగ్గర ఒక టీ కొట్టు ముందున్న కాయిన్ బాక్సు. నాలుగో శుక్రవారం నేను రిసీవరు చెవికి పెట్టుకునేసరికి అక్కడ మనుషులు కాచుకుని ఉన్నారు. నాకు తెలుసు. పెద్దామెకు తెలియదు.

ఆ రోజు ఆమె ఉల్లాసంగా ఉంది. చిన్న మేకపిల్ల గోడ దూకిందని చెబుతోంది. మధ్యలో అవతల ఏదో తోపులాట, ఎవరో గట్టిగా అరవడం, రిసీవరు గోడకు కొట్టుకున్న చప్పుడు. ఆమె ఆగింది.

"ఆపా?" అంది. "ఆపా?"

రైలు ఏదో పోతున్న మోత. అప్పుడు ఆమె మొదటిసారి, "బేటా!" అని కేకపెట్టింది.

నేను రిసీవరు తీసి బల్ల మీద పెట్టేశాను. బల్ల మీద నుంచి కూడా వినబడుతూనే ఉంది.

సాయంత్రం అప్ప గది తలుపు దగ్గర నిలబడి బీడీ ముట్టించకుండా వేళ్ల మధ్య తిప్పుతున్నాడు.

"నాకేం తెలుసప్పా, నేను పని చేసినా," అన్నాను, ఆయన ఏమీ అడగకుండానే.

"నేను తీగ కలిపినా, నువ్వు సెవి కలిపినావు. ఇద్దరం కలిసి ఆ పిల్లోన్ని పట్టిచ్చినాం. నేను నిన్ను ఒక్కదాన్నే అనడం లేదమ్మా," అన్నాడు.

ఇన్‌స్పెక్టరు సోమవారం మైసూరుపాకు పొట్లం పంపించాడు. ఎవరూ విప్పలేదు. రెండు రోజులకు చీమలు పట్టాయి.

నెల తిరగకుండానే ఒక ఉదయం కౌంటరు ముందుకు ఒక పొట్టి ముసలామె వచ్చింది. బుర్ఖా పైముసుగు వెనక్కి వేసుకుని ఉంది. చేతిలో తువ్వాలులో చుట్టిన మూట. విప్పి బల్ల మీద పెట్టింది. ఫోను. తీగ తనే పీక్కుని వచ్చింది. ఆమె నోరు తెరవకముందే నాకు ఎవరో తెలిసింది. ఆ గొంతును ముఖంతో చూడటం అదే మొదలు.

"ఈ డబ్బా మాకొద్దమ్మా. ఎత్తేసుకోండి," అంది తెలుగులో.

దరఖాస్తు రాయాలని చెప్పాను. తనకు రాయడం రాదంది. నేనే రాశాను. కనెక్షన్ వద్దనడానికి కారణం రాయాల్సిన చోట ఆగి, "ఏం రాయమంటారు?" అన్నాను.

"ఏముండాది రాయడానికి? ఇంట్లో నేనొక్కదాన్నే. ఎవరితో మాట్లాడేది?"

అది రాస్తుంటే నాకు దగ్గొచ్చింది. బ్యాటరీల గదిలో నెలల తరబడి కూర్చున్నందుకేమో, ఆ ఏడాదంతా నన్ను పొడి దగ్గు వదల్లేదు. పెద్దామె వేలిముద్రకు చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. నా వైపు చూసింది. ఇప్పుడు ఉర్దూలో మాట్లాడింది.

"ఈ దగ్గు నేను విన్నాను. ఒక ఆదివారం నా కూతురితో చెప్పాను కూడా. లైన్లో ఎవరో పాపం గొంతు ఎండిపోయి దగ్గుతున్నారే, మిరియాలు నమిలితే తగ్గుతుంది కదా అని."

అబద్ధం చెప్పొచ్చు. చాలామందికి దగ్గు ఉంటుంది. కానీ ఆ గొంతుకు అబద్ధం చెప్పలేకపోయాను.

"నేనేనమ్మా. ఆపా అంటే మీ కొడుకని చెప్పింది కూడా నేనే."

ఆమె నన్ను తిడుతుందని కాచుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఆమె నిదానంగా ముసుగు సర్దుకుంది.

"అదే అనుకున్నాను. వాళ్లకు మన మాటలు ఎలా తెలుస్తాయి? మన ఇంటి మనిషికే తెలుస్తాయి," అంది.

వేలిముద్ర వేసింది. తువ్వాలు మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఎండలో ఆమె మోకాలు ఈడుస్తూ నడుస్తుంటే, ఏ కాలు నొప్పో నాకు ముందే తెలుసు. అది తెలిసినందుకు సిగ్గుపడ్డాను.

ఆ మధ్యాహ్నం సారు దగ్గరికి పోయి ఆర్డరు కాగితం చూపించమన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"వెనకాల వస్తాదన్నారు కదమ్మా."

"వచ్చిందా సార్?"

"రాలే."

"అయితే నేను రాసిస్తాను సార్. ఇన్ని నెలలు ఏ కాగితమూ లేకుండా విన్నాను, ఏ ఆజ్ఞ మీద విన్నానో చెప్పమని."

"వద్దమ్మా. నా మాట ఇను. పిల్లలు సదువుకుంటాండారు. ఇది ఎవరికీ కానరాకుండా అణిగిపోతాది. యాల తవ్వుకుంటావు?"

ఆయన చెడ్డవాడు కాదు. భయపడ్డాడు. నేను కూడా భయపడే రాశాను. కొట్టేసి కొట్టేసి రెండు కాగితాలు పాడయ్యాయి. అప్ప ఇంకో కాగితం తెచ్చి ముందు పెట్టాడు. కింద తన సంతకం కూడా పెడతానన్నాడు. నేనే వద్దన్నాను.

నాకు జవాబు వచ్చింది. అది మెమో. యంత్రాల గది వెనక భాగంలో అనుమతి లేకుండా రోజుల తరబడి ఉన్నందుకు, ఒక చందాదారు లైను మీద అనుమతి లేకుండా విన్నందుకు నా మీద చర్య ఎందుకు తీసుకోకూడదో తెలపాలని. ఆ మొత్తం వ్యవహారంలో పై నుంచి వచ్చిన ఒకే ఒక కాగితం అది. అందులో ఇన్‌స్పెక్టరు లేడు, సారు లేడు, దేశం లేదు. నేనొక్కదాన్నే ఉన్నాను. చదువుకుని నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే అందులో రాసింది అబద్ధం కాదు.

ఒక ఇంక్రిమెంటు ఆపారు. కుప్పానికి బదిలీ చేశారు.

కుప్పం నన్ను బాగా చూసుకుంది. కౌంటరుకు వచ్చేవాళ్లు ఒక మాట తెలుగులో మొదలుపెట్టి, తమిళంలో తిప్పి, కన్నడంలో ముగించేవాళ్లు. ఇంటి నుంచి ఆఫీసుకు నడిచే దారిలోనే ఆ టీ కొట్టు. కాయిన్ బాక్సు ఇంకా అక్కడే ఉండేది. మొదటి నెల రోడ్డుకు అవతలి పక్క నడిచాను. తర్వాత ఒక రోజు పోయి టీ అడిగాను. టీ కొట్టాయన తనంతట తనే చెప్పాడు. "ఈడనే మేడం, ఒకాయప్పను పట్టకపోయినారు. ప్రతి శుక్రవారం వచ్చేవాడు. ఫోను ఎత్తి ఒక్క మాట మాట్లాడడు. ఊరికే ఇనుకుంటా కండ్లు తుడుసుకుంటాండె."

టీ తాగి వచ్చేశాను. ఆ బాక్సును తీసేసే దాకా రోజూ అక్కడే తాగాను.

కొడుకు తరఫు వకీలు నన్ను వెతుక్కుంటూ కుప్పం వచ్చాడు. మెమో నకలు ఇచ్చాను. నా కాగితంతో కేసు కొట్టేశారని రాసుకుంటే గొప్పగా ఉంటుంది గానీ, అది నిజం కాదు. షెడ్డు తగలబెట్టింది అతనేనని చెప్పేవాళ్లు కోర్టులో ఎవరూ నిలబడలేదు. కేసు వీగిపోయింది. అప్పటికి అతను ఏడు నెలలు జైల్లో ఉన్నాడు.

నేను రిటైరయ్యాను. మా చెల్లెలి మనవరాలు సాఫ్ట్‌వేరు చదువుతోంది. "మన దగ్గర దాచేదేముంది నానీ? సెల్లు మన మాటలు వింటే విననీ," అంటుంది. నేను ఆ పిల్లకు పెద్దామె సంగతి చెప్పాను. ఆ ఇంట్లో దాచాల్సింది ఏముంది? మేక, మోకాలు, కోళ్లు. అయినా ఒకరు విన్నారని తెలిశాక ఆ ఇంట్లో మాట ఆగిపోయింది. ఇప్పుడైతే ఎవరూ గదిలో కూర్చోనక్కర్లేదు, గుడ్డ కట్టుకోనక్కర్లేదు. వినే యంత్రానికి దగ్గు రాదు. ఎదురుపడి "నేనే" అని చెప్పాల్సిన అవసరమూ దానికి రాదు. నాకు భయం కలిగేది అక్కడే. పిల్ల విని, "అయినా ఇప్పుడు వేరే కాలం," అంది. కావచ్చు.

ఇది రాయడానికి కారణం అది కాదు. నిరుడు మదనపల్లెలో మా ఇంటికి ఒకతను వచ్చాడు. జుట్టు తెల్లబడింది, గోళ్లలో గ్రీజు. చెప్పులు బయటే విడిచి గుమ్మంలో నిలబడ్డాడు. ఫలానా ఊరు అన్నాడు. నేను కూర్చోమన్నాను.

"తిట్టేదానికి రాలేదు మేడం," అన్నాడు. "మా యమ్మ పోయింది. నలభయ్యో దినం ఫాతిహా కూడా అయిపోయింది."

నీళ్ల గ్లాసు తెచ్చి అతని ముందు పెట్టాను.

"మళ్లీ ఆమె ఫోను ముట్టలే. నేను సెల్లు కొనిస్తే పెట్లో పెట్టేసింది. పిల్లోళ్లు వీడియో తీస్తామని సెల్లు ఎత్తితే సాలు, నోరు మూసేస్తాండె. దాన్ని అవతల పెట్టేదాకా ఒక మాట రాదు. ఇప్పుడు సూస్తే ఇంట్లో ఆమె గొంతు ఒక ముక్క లేదు. అప్పుడు టేపులు పట్టినారంట కదా. అవి యాడుండాయో తెలుస్తాదేమోనని వచ్చినా."

టేపులు ఇన్‌స్పెక్టరు పట్టుకుపోయాడు. ఆయన ఇప్పుడు లేడు. కాగితమే లేని పనికి టేపులు ఎవరు దాస్తారు? ఆ మాటే చెప్పాను. అతను తల ఊపాడు. అంత దూరం వచ్చింది ఆ జవాబు కోసం కాదని తెలుస్తూనే ఉంది.

"నేను ఇన్నది నాలుగు శుక్రవారాలే మేడం," అన్నాడు. "మీరు దినామూ ఇన్నారు. ఏం మాట్లాడతాండె మా యమ్మ?"

నేను ఆ ఇంటి మాటలు ఎవరికీ చెప్పకూడదని ఇన్నేళ్లు నోరు కట్టుకున్నాను. ఇప్పుడు చెబితే అది ఇంకో తప్పవుతుందా? అతని అక్క కన్నీళ్లు అతనికి చెందినవి కావు. అవి పక్కన పెట్టాను. మిగిలినవి వెతికాను. నా మతిలో అన్నీ ఉన్నాయి, వరసగా, వారాలతో సహా. కోడి మీద కోపం చెప్పాను. చెప్పులు నమిలే మేకపిల్ల గురించి చెప్పాను. అతను పెద్దగా నవ్వాడు, అది ఆఖరుకు తన చెప్పులనే తినేసిందట. చింతచిగురు ఎప్పుడు వేయాలో చెప్పాను. కొడుకు చొక్కా పైగుండీ పెట్టుకోడని, చలికి గొంతు పట్టుకుంటుందని ఆమె కూతురి దగ్గర వాపోయేదని చెప్పాను. అతని చెయ్యి మెడ దగ్గరికి పోయింది. గుండీ పెట్టుకోలేదు.

"ఇంకా?" అన్నాడు.

"వంట గురించి ఎక్కువ అనేవారు. ఇంట్లో ఒక్కరే కదా. అయినా..."

"తెలుగులో వద్దు మేడం. ఆమె ఎట్లా అనిందో అట్లే అనండి."

నేను కళ్లు మూసుకున్నాను. ఆమె సాగదీసే చోట సాగదీస్తూ, తన మీద తనే విసుక్కునే చోట విసుక్కుంటూ, ప్రతి పదకొండు గంటలకూ ఆమె కూతురితో అన్న మాటను పైకి అన్నాను.

"ఆజ్ బీ జాస్తి పకా దీ మై."

ఈ పొద్దు కూడా ఎక్కువ వండేసినా.

అతను ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకుని, కదలకుండా వింటున్నాడు. "ఇంకొకసారి," అన్నాడు.